మొదటి పేజీ కింది సంతకం

ఆర్.కె. పురం,
ఫిబ్రవరి 9

అక్క కస్తూరికి,

నీ ఇంటికీ, నీ మెస్సుకీ, అందులో తినిపోయే పిల్లలందరికీ కృపాసమాధానాలు కలుగును గాక.

ఫోన్ మానేసి ఉత్తరం ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. పోయినసారి నలభై నిమిషాలు మాట్లాడాక తెలిసింది, నువ్వు ఫోన్‌ని పప్పుడబ్బా మీద పెట్టి దోసెలు పోసుకుంటున్నావని. "ఇకనుంచి రాసి పంపు, ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ ఆపుతా" అన్నావు. డిస్పాచ్ సెక్షన్లో ముప్పై నాలుగేళ్ళు ఊరందరి ఉత్తరాలూ పంపి రిటైరైనవాడిని. సొంత ఉత్తరం ఒకటి పంపుకోవడం నాకూ కొత్తగానే ఉంది.

మీ గ్రేటర్ నోయిడాలో ఆ కుర్ర నాయకుడు మైకు పట్టుకుని కూసిన కూతలు ఫోన్‌లో చూశాను. ఆఫ్రికా విద్యార్థుల రంగు గురించీ, వాళ్ళ వంట వాసన గురించీ. పైగా 'వీళ్ళకి గదులిచ్చేవాళ్ళ సంగతీ చూస్తాం' అని. కూసినవాడి మీద కంటే వాడి పార్టీ పెద్దల మీద నాకు ఒళ్ళు మండింది. పది రోజులైంది, ఒక్కరూ నోరు విప్పలేదు.

అందుకని నిన్న కాలనీ హాల్లో, మన తెలుగు క్రైస్తవ సహవాసంలో ప్రసంగానికి లేచాను. ఐగుప్తులో మనమూ పరదేశులమేనని మొదలుపెట్టి, యేసుకి తీర్పు చెప్పవలసిన చోట నీళ్ళు తెప్పించి చేతులు కడుక్కున్న అధిపతి దగ్గరికి వచ్చాను. "ఆ నీళ్ళ పళ్ళెం ఇప్పటికీ ఢిల్లీలో బంగళా బంగళాకీ తిరుగుతోంది" అన్నాను. గంటా పది నిమిషాలు. బల్ల గుద్దితే మైకు ఊడి కింద పడింది. కోశాధికారి సదాశివరావు రెండుసార్లు ఆమేన్ అన్నాడు. రెండోది నిద్రలో అన్నాడని అనూహ్య అంటుంది. నా కూతురే అయినా చెప్పక తప్పదు, దానికి భక్తి తక్కువ.

నీ తమ్ముడు,
హనుమయ్య


గ్రేటర్ నోయిడా,
ఫిబ్రవరి 14

హనుమా,

ఉత్తరం అందింది. ప్రసంగం మొదలైన చోట ఆపి, అయిపోయిన చోట మళ్ళీ అందుకున్నాను. బాగుంది.

నువ్వు ఫోన్‌లో చూసినవి నేను మార్కెట్లో కూరలు కొంటూ చెవులారా విన్నాను. చిసోమో నా పక్కనే ఉంది. నీకు చెప్పానుగా, మలావీ దేశం పిల్ల, మా పైగదిలో ఉంటుంది, సివిల్ ఇంజనీరింగ్ ఆఖరు సంవత్సరం. దానికి హిందీ బాగా వచ్చు. ఆ రోజు రాకుండా ఉంటే బాగుండేది. మైకులో వాడు అరుస్తుంటే అది సంచీలో టమాటాలు సర్దుకుంటూ, "ఆంటీ, పచ్చిమిరపకాయలు మర్చిపోయారు" అంది. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

నిన్న మా కాలనీ సంఘంవాళ్ళు ఒక కాగితం ఇచ్చిపోయారు. విదేశీయులు అద్దెకుంటే మార్చి ఆఖరుకల్లా ఖాళీ చేయించాలట. దాని మీద ముద్ర లేదు, సంతకం లేదు. అయినా అందరూ ఖాళీ చేయిస్తున్నారు. మే పన్నెండు నుంచి పిల్లకి ఆఖరు పరీక్షలు. ఇప్పుడు గది పోతే ఈ చుట్టుపక్కల ఇంకెవరూ ఇవ్వరు. పరీక్ష పోతే వీసా పోతుంది, నాలుగేళ్ళ చదువూ పోతుంది.

నీకు ఆ మాజీ మంత్రి రణధీర్ జీ తెలుసుగా. ఆ కుర్రాడు ఆయన శిష్యుడే. ఇక్కడ ఆయన మాటకి ఎదురు లేదు. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. "కాగితాలు సరిగ్గా ఉన్న పిల్లల జోలికి పోవద్దు" అని ఒక్క ముక్క అనిపించు. ఉత్త బల్లలు చాలా గుద్దావు. ఈసారి ఆయన ముందున్న బల్ల గుద్దు.

అక్క


ఆర్.కె. పురం,
ఫిబ్రవరి 21

అక్కా,

వెళ్ళాను. ఉపవాసముండి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బైబిలు చంకలో పెట్టుకుని వెళ్ళాను. సింహాల గుంటలోకి దిగిన భక్తుణ్ణి తలచుకుంటూ గేటు దాటాను. లోపల సింహాలేవీ లేవు. ప్లాస్టిక్ కుర్చీలు, టీ, బిస్కెట్లు ఉన్నాయి.

రణధీర్ జీ నన్ను గుర్తుపట్టాడు. "ఆయియే హనుమయ్య జీ, మీ వార్షికోత్సవం ఎప్పుడు?" అన్నాడు. మార్చి ఇరవై రెండు అన్నాను. "తప్పకుండా వస్తాను" అన్నాడు. ఇదుగో, నా నాలుక అక్కడే పడిపోయింది. కాలనీ హాలు ఏటేటా మనకి దొరికేది ఆయన ఇచ్చే సిఫార్సు ఉత్తరంతోనే. ముఖ్య అతిథిగా ఆయన పేరు కరపత్రంలో వేయించేశాం, శాలువా కొనేశాం. నేను దక్షిణాది వంటల గురించి మాట్లాడాను, అక్కా. ఈ ఏడాది చలి తొందరగా తగ్గిందని మాట్లాడాను. పరదేశుల కోసం నోరు తెరవడానికి వెళ్ళి బిస్కెట్ కోసం తెరిచాను.

బయటికొచ్చి బస్టాపులో నిలబడితే అప్పుడు వచ్చాయి మాటలు, ధారగా. పక్కనున్నాయన జరిగి నిలబడ్డాడు.

అధైర్యపడకు. నోటితో కాకపోతే కాగితంతో. విజ్ఞాపన రాసిస్తాను. సెక్షన్లో నాలాగా విజ్ఞాపన రాసేవాడు లేడని అందరూ అనేవాళ్ళు. పని జరగకూడదనుకున్నప్పుడు కూడా నా చేతే రాయించేవాళ్ళు. అది వేరే విషయం.

హనుమయ్య


గ్రేటర్ నోయిడా,
ఫిబ్రవరి 27

హనుమా,

త్వరగా రాసి ఇవ్వు. నిన్న సంఘం సెక్రటరీ ఇంకొకాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పకోడీలు పెట్టాను.

"ఆంటీ జీ, మీతో మాకు గొడవ లేదు. మీరు మావాళ్ళే" అన్నాడు.

"ఎప్పటినుంచి?" అన్నాను. "పాతికేళ్ళుగా నన్ను మద్రాసీ ఆంటీ అంటున్నారు. నేను మద్రాసు చూడనే లేదు."

నవ్వాడు. "అదే ఆంటీ, మీరూ బయటినుంచి వచ్చినవాళ్ళే కదా. అందుకే మంచిగా చెబుతున్నాం."

అది సలహానో బెదిరింపో వాళ్ళు పకోడీలు పూర్తిచేసే దాకా తేలలేదు. గుమ్మం దిగుతూ, "మెస్సుకి లైసెన్సు ఉందిగా ఆంటీ?" అన్నాడు. అప్పుడు తేలింది.

చిసోమో మేడమెట్ల మీద కూర్చుని అంతా విన్నది. "ఆంటీ, ఈ పెద్దాయన ఎవరో ఒక్క మాట అంటే వీళ్ళు రారా?" అని అడిగింది. రారు, మా తమ్ముడు ఆ పని మీదే ఉన్నాడు అని చెప్పాను. చెప్పాక భయమేసింది, హనుమా. నీ మీద భరోసా పెట్టి ఒక పిల్లకి మాటిచ్చానే అని.

అక్క


ఆర్.కె. పురం,
మార్చి 5

అక్కా,

స్తోత్రం. విజ్ఞాపన ఇచ్చాను. స్వహస్తాలతో ఆయన కార్యదర్శి చేతిలో పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకుని మరీ వచ్చాను.

మూడు పేజీలు, ఆఫీసు హిందీలో. పై అధికారికి రాసే పద్ధతి ఒకటుంటుంది కదా, ఎత్తుకోవడమే అడగడంతో ఎత్తుకోకూడదు. మొదటి పేజీ అంతా రణధీర్ జీ సేవానిరతి, ఆయన నాయకత్వంలో మా సమాజానికి కలిగిన భద్రత, ఆయన బాటలో నడిచేందుకు మా సంసిద్ధత. రెండో పేజీ మన సహవాసం చరిత్ర. మూడో పేజీలో అసలు విషయం. అక్కడ మాత్రం దాచుకోలేదు. మీ శిష్యుడు అన్న మాటలు సిగ్గుచేటు, మీ మౌనం అంతకంటే సిగ్గుచేటు అని రాశాను. తప్పు చేసిన రాజుగారి ఎదుట నిలబడి, ఆ మనుష్యుడవు నీవే అన్న ప్రవక్త గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

మధ్యలో ఎవరూ పేజీ మార్చకుండా, పాత అలవాటు ప్రకారం ప్రతి పేజీ కిందా సంతకం పెట్టి, పేరు, సహవాసం ముద్ర, తేదీ వేశాను. పని అంటే అలా ఉండాలి.

పిల్లకి చెప్పు, నిశ్చింతగా చదువుకోమను.

హనుమయ్య


గ్రేటర్ నోయిడా,
మార్చి 11

హనుమయ్యా,

నీ మొదటి పేజీ మా కాలనీ వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. అదొక్కటే. కింద నీ సంతకం, ముద్ర, తేదీ చక్కగా కనబడుతున్నాయి. పైన ఎవరో రాశారు: 'దక్షిణ భారత క్రైస్తవ సమాజం కూడా రణధీర్ జీ బాటలోనే.'

సెక్రటరీ దాన్ని ప్రింటు తీసి తెచ్చి నాకు చూపించాడు. "ఆంటీ జీ, మీ సొంత తమ్ముడే ఒప్పుకున్నాడు. ఇంకా మీకెందుకు పట్టుదల?" అన్నాడు. నీ చేతిరాత నాకు తెలియదని అనడానికి కూడా లేదు. అయిదో తరగతిలో నీ చెయ్యి పట్టుకుని హిందీ అక్షరాలు దిద్దించింది నేనే.

ఆ సాయంత్రం మెస్సు కిటికీ మీద రాయి పడింది. అన్నం తింటున్న శ్రీకాకుళం పిల్లాడికి చెయ్యి తెగింది, మూడు కుట్లు. పొద్దున చూస్తే చిసోమో పెట్టె సర్దుకుని ఉంది. వెళ్ళొద్దన్నాను. "మీ మెస్సు మూతపడితే వీళ్ళందరూ ఎక్కడ తింటారు ఆంటీ?" అంది. నీ కాగితం ప్రింటు మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

రావొద్దు. ఫోన్ చేయొద్దు.


ఆర్.కె. పురం,
మార్చి 13

అక్కా,

ప్రభువుని ఎరగననడానికి పేతురుకి మూడుసార్లు పట్టింది. నాకు ఒక్కసారితోనే అయిపోయింది, అదీ నీలం ఇంకుతో, సహవాసపు ముద్రతో. ఆయన కనీసం చలిమంట దగ్గర, ఎవరో నిలదీస్తే భయపడి అన్నాడు. నన్నెవరూ అడగలేదు. నేనే ఆటోలో వెళ్ళి ఇచ్చొచ్చాను.

రణధీర్ జీ కార్యదర్శి దగ్గరికి పరుగెత్తాను. "మిగతా రెండు పేజీలు ఏవి?" అన్నాను. "అవి ఫైల్లో భద్రంగా ఉన్నాయి అంకుల్ జీ. మొదటి పేజీ చాలా బాగా రాశారు. జీ స్వయంగా చదివి సంతోషించారు" అన్నాడు. మూడోది చదివారా అన్నాను. "మూడోదాకా ఎవరు చదువుతారు?" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు.

ఒక్కొక్క పేజీ విడిగా నిలబడేలా సంతకం పెట్టానంటే, విడదీయడానికి వీలుగా కోసి ఇచ్చినట్టేనని ముప్పై నాలుగేళ్ళలో నాకు తట్టలేదు.

పిల్ల ఎక్కడుంది? తింటోందా? అంతవరకైనా రాయి.

వార్షికోత్సవానికి ఆయన వస్తున్నాడు. కమిటీవాళ్ళకి విషయం తెలిసి, ఈసారి వాక్యం చెప్పే పని నాకివ్వలేదు. వందన సమర్పణ ఇచ్చారు, మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లోనే ఆయన మీద అగ్ని కురిపిస్తాను.

హనుమయ్య


గ్రేటర్ నోయిడా,
మార్చి 17

హనుమా,

తింటోంది. పగలంతా కాలేజీ లైబ్రరీలో ఉంటోంది. పడుకోవడానికి తోటిపిల్ల హాస్టల్ గదిలోకి వార్డెన్‌కి తెలియకుండా పోతోంది. మధ్యాహ్నం క్యారియర్ నేనే తీసుకెళ్తున్నాను.

నిన్న నీ ఉత్తరం అక్కడే కూర్చుని చదివాను. ఏం రాశాడని అడిగితే చెప్పాను, ఆదివారం ఆ నాయకుడి మీద అగ్ని కురిపిస్తాడట అని. అది అన్నం కలుపుకుంటూ అడిగింది. "ఆంటీ, అంకుల్ ఎప్పుడూ నాయకుల మీద కోప్పడతారు అంటారుగా. ఏ భాషలో?"

తెలుగులో అన్నాను.

"వాళ్ళకి తెలుగు వచ్చా?"

ఆ ప్రశ్న నీకే పంపుతున్నాను. నువ్వు చెప్పు. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుగా నువ్వు ఎంతమంది అధికారుల్ని, ఎంతమంది మంత్రుల్ని తూర్పారబట్టావో నాకు లెక్కలేదు. ఒక్కడైనా చొక్కా దులుపుకున్నాడా? పోయిన ఏడాది ఆయన వేదిక మీద ఉండగానే నువ్వు రాజుల గర్వం గురించి గంటసేపు గర్జించావు. ఆయన చప్పట్లు కొట్టాడు. తనని పొగుడుతున్నావని ఆయనకి ఎవరో చెప్పారట.

ఆదివారం ఏమన్నా అను, హిందీలో అను. లేకపోతే శాలువా కప్పి ఊరుకో.

అక్క


ఆర్.కె. పురం,
మార్చి 23

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ప్రార్థన చేయలేకపోయాను. చేస్తే తెలుగులోనే చేస్తున్నానని సిగ్గేసింది.

నిన్న శాలువా కప్పాం. పాటలయ్యాయి. నా వంతు వచ్చింది. రాసే హిందీ సెక్షన్ది గానీ, నా మాట్లాడే హిందీ బస్సు కండక్టర్ల దగ్గరా, ఆఫీసు ప్యూన్ల దగ్గరా నేర్చుకున్నది. దానితో టికెట్ కొనొచ్చు, ఫైలు అడగొచ్చు, ప్రవక్తలా గద్దించడానికి సరిపోదు. అందుకని మూడో పేజీ నకలు జేబులోంచి తీశాను. "జీ, నేనిచ్చిన దాంట్లో మొదటి పేజీ లోకమంతా చూసింది. మూడోది నేను చదువుతాను" అన్నాను.

మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టాను.

ఆయన మొదట అన్ని ఉపన్యాసాలకీ ఊపినట్టే తల ఊపాడు. 'మీ మౌనం' అన్న చోట ఊపడం ఆగింది. చిసోమో పేరు చెప్పలేదు, పిల్లకి ఇబ్బంది అవుతుందని. ఒక విద్యార్థిని అన్నాను, పరీక్షలన్నాను, గది లేదన్నాను. ఒక్క మాట అనండి, ఇక్కడే, ఇప్పుడే అన్నాను.

ఆయన మైకు తీసుకున్నాడు. "హనుమయ్య జీ మా పాత మిత్రులు. వారి భావాలను గౌరవిస్తాను. సరైన సమయంలో, సరైన వేదిక మీద, సరైన మాట తప్పకుండా మాట్లాడతాను" అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. నా చేతులు కూడా రెండుసార్లు కొట్టాయి, అక్కా, నేను ఆపుకునేలోపు.

ప్రవక్త దారి తప్పితే గాడిద నోరు తెరిచిందని మనకొక వృత్తాంతం ఉంది కదా. పాతికసార్లు ప్రసంగించాను దాని మీద. ప్రతిసారీ నేను ప్రవక్తననే అనుకున్నాను.

ఇవాళ పొద్దున హాలు తలుపు మీద కాగితం అంటించి ఉంది. మరమ్మతులట, ఎన్నాళ్ళో రాయలేదు. సదాశివరావు ఇంటికొచ్చి, కాఫీ కూడా తాగకుండా అన్నాడు: "అన్నా, నువ్వు నిజంగా ప్రవక్తవే. ప్రవక్తలకి హాలు అక్కర్లేదు. మాకు కావాలి."

హనుమయ్య


గ్రేటర్ నోయిడా,
మార్చి 28

హనుమా,

ఎవరో తీసిన వీడియో మాదాకా వచ్చింది. చిసోమోకి చూపించాను. రెండుసార్లు చూసి, "అంకుల్ హిందీ నా హిందీ కంటే ఘోరంగా ఉంది" అని నవ్వింది. ఈ నెలలో అది నవ్వడం ఇదే మొదటిసారి.

సెక్రటరీ కూడా చూశాడట. నన్ను చూస్తే ఇప్పుడు ఆ పక్క సందులోంచి పోతున్నాడు. ఖాళీ చేయించమన్న కాగితం మాత్రం వెనక్కి తీసుకోలేదు. రాళ్ళు వేసినవాళ్ళు వీడియోలు చూసి మారే రకం కాదు.

నువ్వు మాట్లాడావు. నాకు సంతోషమే. ఇంకా చెప్పవలసింది ఉంది. నిన్న వార్డెన్ పిల్లని పట్టుకుంది. సోమవారం నుంచి అక్కడ కుదరదు. నేను ఎంత రమ్మన్నా మా ఇంటికి రానంటోంది, ఆ చెయ్యి తెగిన పిల్లాడిని చూసిన దగ్గర్నుంచి. పరీక్షలు అయ్యేదాకా ఇంకా రెండు నెలలు.

మీ క్వార్టర్లో రెండు గదులున్నాయి. వాక్యం అక్కర్లేదు. అవుననో కాదనో రాయి. కాదంటే నాకు కోపం రాదు. నిన్ను పెంచినదాన్ని.

అక్క


ఆర్.కె. పురం,
ఏప్రిల్ 7

అక్కా,

ఫోన్లో అవును అన్నాను గానీ, ఆ అవును ఎలా వచ్చిందో నీకు చెప్పలేదు. చెప్పకపోతే ఇదో కొత్త మొదటి పేజీ అవుతుంది.

నీ ఉత్తరం వచ్చాక ఒక రోజంతా దాన్ని దిండు కింద పెట్టుకుని తిరిగాను. క్వార్టర్ అనూహ్య పేరు మీద ఉంది. అది ప్రభుత్వ ఉద్యోగి. ఎవరినైనా ఉంచుకుంటే ఆఫీసుకి చెప్పాలి, పొరుగువాళ్ళు అద్దెకిచ్చామని ఫిర్యాదు చేయొచ్చు, పైవాటాలోవాళ్ళు ఏమంటారో. ఇవన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి దాని ముందు పెట్టాను. అది కాదంటుందని, 'నేనేం చేయను అక్కా, కూతురు ఒప్పుకోలేదు' అని నీకు రాయొచ్చని నా ఆశ. నిజం చెబుతున్నాను.

అది చదివి, "నాన్నా, ఇందులో వద్దు అన్న ఒక్క మాట తప్ప అన్నీ ఉన్నాయి. వద్దంటున్నావా?" అంది.

"నేను అనడం లేదు" అన్నాను.

"నేనూ అనడం లేదు. మంచం ఎక్కడ వేద్దాం?" అంది. మర్నాడే ఆఫీసులో రాసిచ్చేసింది. దానికి భక్తి తక్కువని నీకు రాశాను. కొట్టెయ్యి.

చిసోమో నా గదిలో ఉంది. నేను వరండాలో. కాలేజీకి మెట్రో మారి మారి రెండు గంటలు, పోతూ వస్తూ చదువుకుంటోంది. పొద్దున నా ప్రార్థన గట్టిగా ఉంటుందని మొదటిరోజే చెప్పింది. మెల్లగా చేస్తున్నాను, దేవుడికి వినబడుతూనే ఉన్నట్టుంది. సహవాసం పార్కులో కూడుతోంది. సగం మంది వస్తున్నారు, సదాశివరావు ఇంకా రావడం లేదు. రణధీర్ జీకి సరైన సమయం కూడా ఇంకా రాలేదు.

నిన్నటి సంగతి ఒకటి. విదేశీయులు ఇంట్లో ఉంటే పోలీసులకి తెలియజేసే ఫారం ఉంటుంది, కంప్యూటర్లో నింపాలి. చిసోమోని తీసుకుని మార్కెట్లో జిరాక్స్ కొట్టుకి వెళ్ళాను. కొట్టతను పాస్‌పోర్టు చూసి, పిల్లని చూసి, నన్ను చూసి, "అంకుల్, ఈమె మీకేమవుతుంది?" అన్నాడు. ఫారంలో అది లేదు, ఊరికే అడిగాడు. పరదేశిని గురించి నాకు కంఠతా వచ్చినవన్నీ నాలుక చివరకొచ్చాయి. వెనక వరసలో ఆరుగురు నిలబడి ఉన్నారు.

"మా అక్క పంపిన పిల్ల. మా పిల్లే" అన్నాను.

"రంగు చూస్తేనే తెలుస్తోంది లెండి" అని నవ్వాడు. వెనక ఇద్దరు కూడా నవ్వారు.

అక్కా, నేను ఢిల్లీకి వచ్చిన మొదటి వారంలో బస్సులో నా రంగు మీద ఆ మాట పడ్డాను. తర్వాత సెక్షన్లో పడ్డాను, క్యాంటీన్లో పడ్డాను, నా రిటైర్మెంటు సభలో పూలదండ వేస్తూ కూడా అన్నారు, సరదాకే. ఎన్నడూ నీకు చెప్పలేదు. ప్రతిసారీ వాళ్ళతో కలిసి నవ్వాను. నాయకులు ఎందుకు నోరు విప్పరని గంటలకొద్దీ అడిగినవాడిని, నేనెందుకు విప్పలేదో ఒక్కసారీ అడుక్కోలేదు.

నిన్న నవ్వు రాలేదు. "ఇందులో నవ్వడానికి ఏముంది, బేటా?" అన్నాను, హిందీలో. గొంతు పెద్దగా లేదు. వెనకవాళ్ళ నవ్వు ఆగిపోయింది. కొట్టతను తల దించుకుని, "పేరు ఎలా రాయాలి?" అన్నాడు.

చిసోమో నా పక్కకి జరిగి, తన పేరు ఒక్కొక్క అక్షరం చెప్పింది.

హనుమయ్య